ఫోన్లో ‘ఎగ్జిట్’: చెప్పేదెవరు, చేసేదెవరు?

జావా ఫోన్లో మనం రాసిన ప్రోగ్రాంకు ‘ఎగ్జిట్’ అనే కమాండ్ పెడితే, దాన్ని నొక్కగానే ప్రోగ్రాం దానంతట అదే మూసుకుపోదు. చాలామంది మూసుకుపోతుందనే అనుకుంటారు. కమాండ్ రకం ఎగ్జిట్ అని మనం తేటగా రాసినా ఫోను చేసేది ఒక్కటే: ‘ఎగ్జిట్ నొక్కినారు’ అని మన ప్రోగ్రాంకు కబురు అందిస్తుంది. ఆ కబురు విని లేచిపోవలసిన పని మన ప్రోగ్రాంది. ఆ పని మనం రాయకపోతే నొక్కినా నొక్కనట్లే. తెర అట్లే నిలబడి ఉంటుంది.

తెలుగు శాఖ గోడపత్రికలో ఈ సంగతి ఎందుకని అడుగుతారు. ఈ సెలవుల్లో రెండో సంవత్సరం వాళ్ళందరం ఊళ్ళకు పోయి, ఇంట్లో పెద్దవాళ్ళు వాడే తెలుగు మాటలు రాసుకొని రావాలి కదా. నేను కంప్యూటరు పేపరు కూడా చదువుతున్నాను కాబట్టి ఆ మాటలు దాచుకోవడానికి ఫోన్లో నడిచే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసినాను. పేరు ‘మాటల మూట’. కొత్త మాట చేర్చవచ్చు, చేర్చినవి చూడవచ్చు, అంతే. మన ఫోన్లలో చాలావాటిలో తెలుగు అక్షరాలు రావు కాబట్టి మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. అది నాకూ నచ్చలేదు, కానీ ఉన్న ఫోనుతోనే పని జరగాలి.

ఇందులో కష్టమైన భాగం మాటను చేర్చడం కాదు, ప్రోగ్రాం నుంచి బయటపడటం. మా అవ్వ బావి దగ్గరి సామాను గురించి చెప్పేటప్పుడు చేద, చేంతాడు, మోకు అని వరసగా దొర్లిస్తుంది. గిలకను మా ఇంట్లో రాట్నం అంటారు; ఆంధ్రలో రాట్నం అంటే నూలు వడికేది. ఇట్లాంటి తేడా మాటల మధ్యలో ఒకసారి బయటపడుతుంది, మళ్ళీ అడిగితే రాదు. ‘ఏందో అన్న్యా, గుర్తు లేదు పో’ అంటుంది. బావే లేని ఊళ్ళో ఆ మాటకు ఇంక పనే ఉండదు. కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిది తెలుగు మాట్లాడే ఇల్లు, రాసింది తమిళం. ఆయన కరిసల్ సీమ పలుకులకు ఒక నిఘంటువే తయారుచేసినారు. ఆ సీమలోని తెలుగు ఇళ్ళ మాటలను అట్లా కూర్చే పని ఎవరికైనా ఇంకా మిగిలే ఉంది. ఫోన్లో కొట్టిన మాట ఎగ్జిట్ నొక్కినప్పుడు పోకుండా ఉండాలన్నది నాకు అందుకే పెద్ద విషయం.

ఇప్పుడు లోపలి కథ. ఫోన్లో నడిచే జావా ప్రోగ్రాంను మిడ్‌లెట్ అంటారు. దీని నియమాలు మిడ్ప్ అనే ప్రమాణంలో ఉన్నాయి. మొదటిది 2000లో, రెండోది 2002లో వచ్చింది. కంప్యూటర్లో జావా ప్రోగ్రాం మొదలయ్యేది ‘మెయిన్’ అనే చోట, మిడ్‌లెట్‌కు ఆ మెయిన్ లేదు. ఫోన్లో ఒక మేనేజరు ఉంటుంది. ఏ ప్రోగ్రాం ఎప్పుడు లేవాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పోవాలి అని చూసుకునేది అదే. హాస్టలు వార్డెను అనుకోండి. మనం మూడు పనులు తప్పకుండా రాసి పెట్టాలి, వార్డెను వాటిని పిలుస్తుంది: స్టార్ట్‌యాప్, పాజ్‌యాప్, డెస్ట్రాయ్‌యాప్. మొదలు పెట్టు, ఆగు, ముగించు. మూడూ ఆజ్ఞలే. మన వ్యాకరణం క్లాసులో చెప్పే విధ్యర్థక క్రియలు.

వీటితోపాటు మనం వార్డెనుకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది: నోటిఫై‌డెస్ట్రాయ్డ్. దీన్ని డెస్ట్రాయ్‌యాప్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ‘ముగించు’, రెండోది ‘ముగిసింది అని తెలియజేయి’. చివర ఉన్న ఆ చిన్న ‘డ్’ భూతకాలం. ‘ముగిస్తాను’ కాదు, ‘ముగియబోతున్నాను’ కూడా కాదు. అన్నీ సర్దేసినాను, ఇంక నాకు పనేమీ లేదు అని చెప్పడం. కంప్యూటరు పుస్తకాల్లో ఈ రెంటి తేడాను పేరాలు పేరాలు వివరిస్తారు గానీ, మన శాఖ వాళ్ళకు ఆ ఒక్క ప్రత్యయం చాలు.

ఎందుకు చాలంటే, అసలు చిక్కు అక్కడే ఉంది. మన ప్రోగ్రాం తనంతట తాను నోటిఫై‌డెస్ట్రాయ్డ్ అని చెప్తే, వార్డెను తిరిగి వచ్చి డెస్ట్రాయ్‌యాప్‌ను పిలవదు. పిలవవలసిన అవసరం దానికి కనబడదు. ‘అన్నీ అయిపోయినాయి’ అని మనమే చెప్పినాము కదా! మిగిలిన పనిని, అంటే తెరిచిన దాన్ని మూయడం, రాయని మాటను రాయడం, ఇవన్నీ డెస్ట్రాయ్‌యాప్‌లో పెట్టి, ఎగ్జిట్ కమాండ్ దగ్గర నోటిఫై‌డెస్ట్రాయ్డ్ ఒక్కటే పిలిస్తే, ఆ మిగిలిన పని ఎప్పటికీ జరగదు. ప్రోగ్రాం చక్కగా మూసుకుంటుంది, తప్పు అని ఏ సందేశమూ రాదు. మర్నాడు తెరిచి చూస్తే చివర కొట్టిన మాట ఉండదు.

బయటికి పోయే దారులు రెండు అన్నమాట. ఒకటి మనం ఎగ్జిట్ నొక్కి పోయేది, రెండోది వార్డెను పంపించేది. ఫోను ఆపేటప్పుడో, వేరే పనికి చోటు చాలనప్పుడో, ఎరుపు బటను నొక్కినప్పుడో వార్డెను డెస్ట్రాయ్‌యాప్‌ను పిలవచ్చు. రెండు దారుల్లోనూ సర్దుకోవడం జరగాలి. నేను చేసింది ఇది: సర్దే పనినంతా ‘సర్దు’ అని ఒక విడి పనిగా రాసినాను. ఎగ్జిట్ కమాండ్ వచ్చినప్పుడు ముందు సర్దు, తర్వాత నోటిఫై‌డెస్ట్రాయ్డ్. వార్డెను డెస్ట్రాయ్‌యాప్ అన్నప్పుడు సర్దు మాత్రమే. అక్కడ నోటిఫై అక్కరలేదు, పొమ్మన్నది వార్డెనే కాబట్టి. కొన్ని పుస్తకాల్లో ఎగ్జిట్ దగ్గర డెస్ట్రాయ్‌యాప్‌నే మనమే పిలిచి, దాని వెనకే నోటిఫై‌డెస్ట్రాయ్డ్ అంటారు. అదీ సరైనదే, ఫలితం ఒకటే. విడిగా పేరు పెట్టుకుంటే చదివేవాళ్ళకు తేలికని నా అభిప్రాయం.

డెస్ట్రాయ్‌యాప్‌కు బ్రాకెట్టులో ఒక నిజం–అబద్ధం విలువ వస్తుంది. పేరు ‘అన్‌కండిషనల్’. నిజం అని వస్తే ‘ఏమి చెప్పినా సరే, పోవలసిందే’ అని అర్థం. అబద్ధం అని వస్తే ‘పోతావా?’ అని అడగడం. అప్పుడు మనకు ముఖ్యమైన పని సగంలో ఉంటే, ‘ఇప్పుడు కాదు’ అని ఒక ఎక్సెప్షన్ ద్వారా చెప్పుకోవచ్చు. దాని పేరు చాలా పొడుగు, మిడ్‌లెట్‌స్టేట్‌చేంజ్‌ఎక్సెప్షన్. నిజం అని వచ్చినప్పుడు ఈ ఎక్సెప్షన్ విసిరినా వినేవాళ్ళు ఉండరు. బతిమాలడానికి చోటున్నది మొదటిసారి అడిగినప్పుడే.

కంప్యూటర్లో ప్రోగ్రాం నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ ‘సిస్టం ఎగ్జిట్ అని ఒక్క లైను రాస్తే పోదా?’ అంటారు. పోదు. మిడ్‌లెట్ ఆ లైను రాస్తే సెక్యూరిటీ ఎక్సెప్షన్ వస్తుంది. హాస్టల్లో ఉన్న పిల్ల మెయిన్ గేటుకు తాళం వేసి పోతానంటే ఒప్పుకుంటారా? తన గది వరకు సర్దుకొని, రిజిస్టరులో సంతకం పెట్టి పోవాలి.

ఇంక కమాండ్ సంగతి. కమాండ్ తయారుచేసేటప్పుడు మూడు విషయాలు ఇస్తాము. తెర మీద కనబడే పేరు, దాని రకం, దాని ప్రాధాన్యం. ప్రాధాన్యం అంకెల్లో ఉంటుంది, చిన్న అంకెకు పెద్ద విలువ, ర్యాంకు లాగా. రకాలు కొన్ని ముందే ఉన్నాయి: స్క్రీన్, బ్యాక్, క్యాన్సిల్, ఓకే, హెల్ప్, స్టాప్, ఎగ్జిట్, ఐటం. ఈ రకం దేనికంటే, ఏ కమాండ్‌ను ఏ బటను కింద చూపించాలో ఫోను నిర్ణయించుకోవడానికి. ఒక కంపెనీ ఫోన్లో ఎగ్జిట్ కుడి బటను మీద వస్తే, ఇంకో దాంట్లో ఎడమ పక్క రావచ్చు. కమాండ్లు ఎక్కువైతే ఒక మెనూలోకి చేరతాయి. రకం అనేది ఫోనుకు మనం ఇచ్చే సూచన, అంతే. ఎగ్జిట్ రకం పెట్టినంత మాత్రాన ప్రోగ్రాం పోదని మొదట్లో చెప్పింది ఇందువల్లనే.

తయారుచేసిన కమాండ్‌ను తెరకు తగిలించాలి, అది యాడ్‌కమాండ్. కబురు ఎవరు వింటారో చెప్పాలి, అది సెట్‌కమాండ్‌లిజనర్. వినేవాళ్ళు కమాండ్‌యాక్షన్ అనే పని రాసి ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ఎగ్జిట్ చెవిటివాడి ముందు శంఖమే. ఇంకో మాట: తెర మారితే తగిలించడం మళ్ళీ చేయాలి. జాబితా తెరకు వేసిన ఎగ్జిట్, మాట కొట్టే తెరకు తానుగా రాదు. మాటల మూటలో ఎగ్జిట్‌ను జాబితా తెర మీద మాత్రమే పెట్టినాను. మాట కొట్టే తెరలో ‘చేర్చు’, ‘వెనక్కి’ మాత్రం ఉంటాయి. సగం కొట్టిన మాటతో నేరుగా బయటికి పోయే దారి లేకుండా ఉండాలని అట్లా చేసినాను.

కమాండ్‌యాక్షన్‌కు కబురు వచ్చినప్పుడు, వచ్చింది ఏ కమాండో తెలుసుకోవాలి. పేరు చూసి పోల్చడం ఒక పద్ధతి, ‘ఎగ్జిట్’ అనే అక్షరాలు ఉన్నాయా అని. ఈ పద్ధతి మనకు పనికిరాదు. ఈ రోజు ఎగ్జిట్ అని ఉన్న పేరును రేపు మన భాషలోకి మార్చినామంటే, పోలిక తప్పి కమాండ్ పని చేయదు. కమాండ్ వస్తువునే పోల్చాలి, మనం తయారుచేసింది ఇదేనా అని. లేదంటే రకం అడిగి చూడాలి. మనిషిని పిలిచే పేరు ఇంట్లో ఒకటి, కాలేజీలో ఒకటి ఉన్నా మనిషి మారదు కదా!

మాటలు దాచేది ఆర్‌ఎంఎస్ అనే చోట. రికార్డు స్టోరు అని ఒక పెట్టె తెరిచి, ఒక్కొక్క మాటను బైట్లుగా మార్చి లోపల వేస్తాము. మొదటి దానికి 1, తర్వాత 2 అని అంకెలు పడతాయి. పెట్టె పేరు 32 అక్షరాలు మించకూడదు. తెరిచిన పెట్టెను సర్దేటప్పుడు మూయాలి. తెరవడం ఎన్నిసార్లు జరిగితే మూయడం కూడా అన్నిసార్లు జరగాలి, లేకపోతే పెట్టె తెరిచే ఉన్నట్లు లెక్క.

ఇక్కడ నాకు ఒక నిశ్చయం ఏర్పడింది. ఎగ్జిట్ వరకు ఆగి, అప్పుడు అన్ని మాటలు ఒకేసారి రాయడం వద్దు. ‘చేర్చు’ నొక్కిన క్షణమే పెట్టెలో వేసేయాలి. ఎందుకంటే మూడో దారి ఒకటి ఉంది, అది దారే కాదు: బ్యాటరీ ఊడిపోవడం. ఊళ్ళో కరెంటు ఉండదు, చార్జింగ్ అడుగంటుతుంది, చిన్నపిల్లలు ఫోను కింద పడేస్తారు. అప్పుడు వార్డెనూ ఉండదు, డెస్ట్రాయ్‌యాప్ కూడా ఉండదు. కాబట్టి ఎగ్జిట్ దగ్గర చేసే పని ఎంత తక్కువ ఉంటే అంత మేలు. మాటల మూటలో సర్దు అనేది పెట్టె మూయడం వరకే.

అవ్వ వరసగా చెప్తుంటే మధ్యలో ఫోను మోగితే? కొన్ని ఫోన్లు అప్పుడు పాజ్‌యాప్‌ను పిలుస్తాయి, కొన్ని పిలవవు. పిలిచినవాటిలో కాల్ అయిపోయినాక స్టార్ట్‌యాప్ మళ్ళీ వస్తుంది. అందుకే తెరలను తయారుచేసే పనిని స్టార్ట్‌యాప్‌లో మొదటిసారికి మాత్రమే జరిగేటట్లు కాపలా పెట్టాలి. లేకపోతే సగం కొట్టిన మాట ఉన్న తెర పోయి ఖాళీ తెర వస్తుంది.

వెనక దారంగా ఏదైనా నడుస్తుంటే, అంటే థ్రెడ్ ఉంటే, దాన్ని కూడా సర్దులో ఆపాలి. ఫోను జావాలో థ్రెడ్‌ను గొంతు పట్టుకొని ఆపే ఆజ్ఞ లేదు. ‘నడుస్తూ ఉండు’ అనే ఒక గుర్తు పెట్టుకొని దాన్ని అబద్ధం చేస్తే, థ్రెడ్ అది చూసుకొని తానే ఆగుతుంది. మన ప్రోగ్రాంలో థ్రెడ్ లేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను. ఆటల ప్రోగ్రాం రాయాలనుకునే వాళ్ళకు మాత్రం ఇది మొదటి పాఠం.

‘చేర్చకుండా పోతున్నారు, సరేనా?’ అని అడిగే తెర కూడా ఒకటి పెట్టినాను. మాట కొట్టి చేర్చకుండా ‘వెనక్కి’ నొక్కితే అది వస్తుంది. దీనికి అలర్ట్ అనే తెరను వాడాలని ఎవరికైనా తోస్తుంది. మిడ్ప్ మొదటి ప్రమాణంలో అలర్ట్‌కు మన కమాండ్లు తగిలించడానికి వీల్లేదు, ఎక్సెప్షన్ వస్తుంది. రెండో ప్రమాణం నుంచే అది కుదిరింది. మన క్లాసులో రెండు రకాల ఫోన్లూ ఉన్నాయి. అందుకని ఫారం తెర మీదనే ‘చేర్చు’, ‘వద్దు’ అని రెండు కమాండ్లు పెట్టినాను. అందం కొంచెం తక్కువ, అన్ని ఫోన్లలోనూ నడుస్తుంది.

నమ్మకం లేనివాళ్ళు కంప్యూటర్ ల్యాబ్‌లో పరీక్షించి చూడవచ్చు. సన్ కంపెనీ అప్పట్లో ఉచితంగా ఇచ్చిన వైర్‌లెస్ టూల్‌కిట్ అక్కడ రెండు మిషన్లలో ఉంది. స్టార్ట్, పాజ్, డెస్ట్రాయ్, కమాండ్‌యాక్షన్ నాలుగింటిలోనూ తలా ఒక లైను ప్రింటు అయ్యేటట్లు రాయండి. ముందు ఎగ్జిట్ దగ్గర నోటిఫై‌డెస్ట్రాయ్డ్ ఒక్కటే ఉంచి నొక్కండి. కమాండ్‌యాక్షన్ లైను వస్తుంది, డెస్ట్రాయ్ లైను రాదు. తర్వాత దానిపైన సర్దును చేర్చి మళ్ళీ నొక్కండి. ఇది పది నిమిషాల పని. సి చదివిన వాళ్ళెవరైనా చేస్తారు, చదవని వాళ్ళు నన్ను పిలిస్తే వస్తాను.

ఫోన్లోకి ఎక్కించుకున్నాక ఒక్కటి జ్ఞాపకం పెట్టుకోండి. మాటల పెట్టె ఆ ప్రోగ్రాం సొత్తు. ఎగ్జిట్ అయితే పెట్టెకు ఏమీ కాదు, ఎన్నిసార్లు పోయి వచ్చినా మాటలు ఉంటాయి. కానీ ఫోన్లో చోటు చాలలేదని మాటల మూటనే డిలీట్ చేస్తే, ప్రోగ్రాంతోపాటు పెట్టె, పెట్టెలోని మాటలు అన్నీ పోతాయి. తమ్ముడు పాట ఎక్కించుకోవడానికి డిలీట్ చేసినా అంతే. సెలవులనుంచి వచ్చి, మాటలన్నీ నోటుబుక్కులోకి తెలుగు అక్షరాల్లో ఎక్కించుకున్న తర్వాతే తీసేయండి. ఇంగ్లీషు అక్షరాల్లో లకార ళకారాలకు తేడా తెలియదు, హ్రస్వ దీర్ఘాలు కలిసిపోతాయి. కాబట్టి మాట కొట్టిన రోజు రాత్రే నోటుబుక్కులో రాసుకుంటే ఇంకా మంచిది.

మిగిలింది పేరు. ఎగ్జిట్ కమాండ్ మీద ఏమని రాయాలి? ‘నిష్క్రమణ’ అన్నారు ఒక మేడం. నాటకంలో పాత్ర లోపలికి పోయినట్లు ఉంటుందని మా బెంచీ వాళ్ళు నవ్వినారు. ‘ముగించు’ చిన్నది, తెర అడుగున సరిపోతుంది. నాకు నచ్చింది ‘పోయొస్తా’. మన ఇళ్ళల్లో గడప దాటేటప్పుడు ‘పోతా’ అని ఎవరైనా అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, ‘పోయొస్తా అను’ అని దిద్దుతారు. పక్కింటి తమిళం వాళ్ళు ‘పోయిట్టు వరేన్’ అనేదీ ఇదే. ప్రోగ్రాం కూడా పోయి మళ్ళీ వచ్చేదే, మాటలు దాని పెట్టెలో ఉండనే ఉంటాయి. ఎదురు పక్షం వాళ్ళు చెప్పేదీ సబబే. ‘పోయొస్తా’ అనేది పోయేవాళ్ళు చెప్పే మాట. బటను నొక్కేది మనం, పోయేది ప్రోగ్రాం; అప్పుడు ఆ మాట ఎవరిది? ‘పోయిరా’ అని ఉండాలా?

రెంటినీ పక్కపక్కన పెట్టి ఈ పత్రిక కింద ఒక కాగితం అంటించినాను. సెలవులకు ముందు శుక్రవారం వరకు మీకు నచ్చిన దాని కింద గీత గీయండి. కమాండ్ వస్తువునే పోల్చేటట్లు రాసినాను కాబట్టి ఏ పేరు గెలిచినా ప్రోగ్రాంలో మార్చవలసింది ఒక్క లైనే. జార్ ఫైలు శాఖ కంప్యూటర్లో ‘మాటల మూట’ అనే ఫోల్డరులో ఉంది. బ్లూటూత్ ఉన్న ఫోను తెస్తే మధ్యాహ్నం భోజనం బెల్లు తర్వాత ఎక్కించి ఇస్తాను. బ్లూటూత్ లేనివాళ్ళు కేబులు తెచ్చుకోండి.